మృగహృదయము - మానవదేహము

నేటి నా ప్రసంగవిషయము మీలో కొందరికి వింతగను, కొందరికి రోతగను తోపవచ్చును. చెడిపోయిన మనుష్యుని గుండెను తొలగించి, ఆ తావున జంతువు గుండె నమర్చి, వానిని బ్రదికింపవచ్చునా యని వైద్యులు 60 సంవత్సరములకు పైగా చేయుచున్న యత్నముల కథ యిది. ఇందు జయములు తక్కువ, మరణములు ఎక్కువ. అయినను గ్రామములలో పదిమందికి బుద్ధి చెప్పగల పెద్దలు వినదగిన కథ యని నమ్మి చెప్పుచున్నాను.

ఈ విషయమున నాకు శ్రద్ధ కలుగుటకు మా మేనమామగారు కారణము. ఆయన నిత్యము సంధ్య వార్చు వృద్ధుడు. కొన్ని యేండ్ల క్రిందట ఆయన గుండెలోని కవాటము, అనగా నెత్తురును ముందునకు పోనిచ్చి వెనుకకు రానీయని తలుపువంటి పొర, చెడిపోయెను. పట్టణమున శస్త్రవైద్యుడు ఆయన మంచముకడ కూర్చుండి రెండు మార్గములు చెప్పెను. లోహాదులతో చేసిన కవాటము చిరకాలము మన్నును గాని, అందు నెత్తురు గడ్డకట్టకుండుటకు జీవితాంతము మందు మ్రింగవలెను. జంతువు పొరలతో చేసిన కవాటము 10, 15 ఏండ్లకు సడలవచ్చును గాని, ఆ మందుతో నంత పని యుండదు.

"ఏ జంతువు?" అని మామగారడిగిరి.

"పంది" యని వైద్యుడు దాచక చెప్పెను.

మేమందరము తలలు వంచుకొంటిమి. మామగారు కొంతసేపు కన్నులు మూసికొని యుండి, "నాయనా, నాకు తెలియకుండ చేసియుంటివేని నాకు దుఃఖము కలిగియుండును. చెప్పి చేయుచున్నావు. కానిమ్ము" అనిరి.

ఆ మాట నా మనస్సున నాటుకొన్నది. తరువాత ఈ చరిత్రను చదివినప్పుడెల్ల నేను రెండు ప్రశ్నలు వేసికొనుచు వచ్చితిని. పరజంతువు అవయవమును మన దేహమేల సహింపదు? ఇది మొదటిది. రోగికి చెప్పి చేసిరా? ఇది రెండవది. ఈ రెండు ప్రశ్నలను చేతబట్టుకొని ఈ దారిని నడచుదము.

ఊహ మనకు క్రొత్తది కాదు. వీరభద్రుడు ఖండించిన దక్షుని మొండెమునకు మేకతల నతికించి బ్రదికించిన కథ మీరెరిగినదే. గజాననుని కథ మన పిల్లలు సైత మెరుగుదురు. పురాణములలో ఈ పని దైవసంకల్పముచే క్షణమాత్రమున జరిగెను. మేకతలను మనుష్యుని మొండెము ఎట్లు సహించెనని కథ విను వారెవ్వరును అడుగరు. అడుగవలసిన పని వైద్యులకు తటస్థించెను.

మొదట పరీక్షకు వచ్చినది గుండె కాదు, నెత్తురు. 1667వ సంవత్సరము జూన్ నెలలో, పారిస్ నగరమున ఝాన్ డెనీ యను వైద్యుడు జ్వరపీడితుడైన 15 ఏండ్ల బాలునకు గొర్రెపిల్ల నెత్తురు కొంచె మెక్కించెను. బాలుడు బ్రదికెను. ఎక్కించినది స్వల్పమగుటచే బ్రదికెనని నేడు మనకు తెలియును. ఆ ధైర్యముతో డెనీ ఒక ఉన్మాదరోగికి దూడనెత్తురు ఎక్కించెను. గొర్రె, దూడ మొదలగునవి సాధుజంతువులు గనుక వాని నెత్తురు మనుష్యుని యావేశమును చల్లార్చునని ఆనాటివారి నమ్మకము. రోగి కొంతకాలమునకు మరణించెను, వ్యవహారము న్యాయస్థానమున కెక్కెను. డెనీ నిర్దోషి యని తీర్పు వచ్చినను, ఆ చికిత్స ఫ్రాన్సు దేశమున నిషిద్ధమయ్యెను. 1818లో లండనునందు బ్లండెల్ అను వైద్యుడు మనుష్యుని నెత్తురునే మనుష్యున కెక్కించువరకు, ఇంచుమించు 150 సంవత్సరములు, ఆ దారి మూతపడి యుండెను.

అవయవమును మార్చుటకు నెత్తురు ఎక్కించు నేర్పు చాలదు. తెగిన రక్తనాళములను, నెత్తురు కారకుండను గడ్డకట్టకుండను, మరల కుట్టవలెను. ఈ విద్యను సాధించినవాడు ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమునందు చదివిన అలెక్సిస్ కారెల్. మిక్కిలి సన్నని సూదితో, పట్టుదారముతో నాళములను కుట్టు పద్ధతిని ఆయన కనిపెట్టెను. 1905లో అమెరికాలో చార్లెస్ గత్రీ యనువానితో కూడి ఒక కుక్కగుండెను వేరొక కుక్కమెడలో నమర్చి, అది కొట్టుకొనుట లోకమునకు చూపెను. 1912లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను. లియాన్ లోనే 1906లో మాత్యూ ఝాబులే యను శస్త్రవైద్యుడు ఒక రోగికి పంది మూత్రపిండమును, వేరొక రోగికి మేక మూత్రపిండమును కలిపి చూచెను. రెండును కొలదిదినములలోనే చెడిపోయెను. కుట్టు చక్కగనే యున్నది, నెత్తురు చక్కగనే పారినది, అయినను అవయవము చచ్చినది. ఎందుచేత?

ఈ ప్రశ్నకు సమాధానము రెండవ ప్రపంచయుద్ధకాలమున దొరకెను. ఇంగ్లండులో పీటర్ మెడవార్ అను శాస్త్రజ్ఞుడు కాలిన గాయములకు చర్మము అతుకు విషయమును పరిశీలించుచుండెను. రోగి తొడచర్మము రోగికే అతికినచో అంటుకొనుచున్నది. పరుల చర్మమైనచో కొన్ని దినములకు ఊడిపోవుచున్నది. ఆ పరుని చర్మమునే రెండవమారు అతికినచో, మొదటిసారికంటె త్వరగా ఊడుచున్నది. అనగా దేహము శత్రువును గుర్తుపెట్టుకొనుచున్నది! మసూచి వంటి వ్యాధుల నుండి మనలను కాపాడు రక్షణశక్తియే పరుల అవయవమును కూడ శత్రువుగా నెంచి సంహరించుచున్నదని తేలెను. ఊరిని కాచు కావలివాడు, రాత్రివేళ మన యింటికి వచ్చు వైద్యుని సైతము దొంగయని కొట్టినట్లు. ఈ పరిశోధనలకు మెడవార్ 1960లో నోబెల్ బహుమతి నందుకొనెను.

ఇక గుండె విషయమునకు వత్తము. 1963, 64 సంవత్సరములలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమున కీత్ రీమ్ట్స్‌మా యను వైద్యుడు 13 మంది రోగులకు చింపాంజీ మూత్రపిండముల నమర్చెను. నెత్తురును యంత్రముతో శుద్ధిచేయు సదుపాయము ఆనాడు మిక్కిలి అరుదు. ఆ రోగులకు వేరు గతి లేదు. పెక్కుమంది కొలది వారములలో మరణించిరి. ఒక యుపాధ్యాయిని మాత్రము 9 నెలలు జీవించి మరల పనికి పోగలిగెను. ఆ తొమ్మిది నెలలే గుండెవైద్యులకు ఆశ పుట్టించెను.

1964 జనవరిలో, మిసిసిపీ రాష్ట్రమున జాక్సన్ నగరమునందు, జేమ్స్ హార్డీ యను శస్త్రవైద్యుడు మనుష్యుని గుండెను మార్చుటకు సిద్ధపడి యుండెను. దెబ్బతిన్న మెదడుతో మరణమున కెదురుచూచుచున్న యువకుని గుండెను తీసికొన దలచెను. గుండె యాగినగాని మరణించినట్లు కాదనుట ఆనాటి నియమము. ఇంతలో 68 ఏండ్ల రోగి స్థితి విషమించెను. వేచియున్నచో రోగి చచ్చును, వేచియుండకున్నచో దాతను చంపినట్లగును. హార్డీ ముందుగనే చింపాంజీలను తెప్పించి యుంచెను. దాని గుండె నమర్చెను. చరిత్రలో మనుష్యుని రొమ్మున కొట్టుకొన్న మొదటి పరగుండె అదియే. అయితే అది చిన్నది. అంత దేహమునకు నెత్తురు తోడలేకపోయెను. గంట, గంటన్నరసేపు కొట్టుకొని ఆగెను.

మా మామగారి ప్రశ్నను ఇచట వేసి చూడుడు. రోగికి స్మృతి లేదు. బంధువు సంతకము చేసిన యనుమతిపత్రములో గుండె మార్పు ప్రస్తావన యున్నది గాని, ఆ గుండె జంతువుదై యుండవచ్చునను మాట లేదు. హార్డీ దుర్మార్గుడు కాడు. అంతకు ముందేడు మానవునకు ఊపిరితిత్తిని తొలిసారి మార్చిన ప్రతిభాశాలి. అయినను ఆ పత్రములోని లోపము నేటికిని ఆయన పేరును వెన్నంటి యున్నది.

1967 డిసెంబరు 3వ తేదీన దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున క్రిస్టియాన్ బర్నార్డ్ మనుష్యుని గుండెను మనుష్యునకే అమర్చెను. రోగి 18 దినములు జీవించి, ఊపిరితిత్తులకు జబ్బుచేసి మరణించెను. లోకమంతట సంచలనము కలిగెను. 1968లో మన బొంబాయిలో సైతము పి. కె. సేన్ ఆ శస్త్రచికిత్స చేసిరి. దాతల గుండెలు దొరకక అదే యేట హ్యూస్టన్ నగరమున డెంటన్ కూలీ గొర్రెగుండెను, లండనునందు డొనాల్డ్ రాస్ పందిగుండెను ప్రయత్నించిరి. ఆ గుండెలు నిమిషములలోనే చెడెను. 1977లో బర్నార్డ్ రోగి గుండెను తీయక, దాని ప్రక్కనే సహాయముగా కోతిగుండెను కలిపి చూచెను. బబూన్ అను కోతి గుండె కొన్ని గంటలు, చింపాంజీ గుండె 4 దినములు పనిచేసెను. బర్నార్డ్ ఆ మార్గమును విడిచిపెట్టెను.

అటుపిమ్మట సైక్లోస్పోరిన్ అను మందు వచ్చెను. నార్వే దేశపు మట్టిలోని బూజునుండి తీయబడిన ఈ మందు దేహమందలి కావలివాని యావేశమును అణచును. 1980 తరువాతి దశాబ్దమున ఈ మందుతో మానవహృదయముల మార్పిడి నిలదొక్కుకొనెను. అపుడు మరల ఒక యాశ పుట్టెను. 1984 అక్టోబరు 26వ తేదీన, కాలిఫోర్నియాలోని లోమాలిండాలో లెనార్డ్ బెయిలీ యను వైద్యుడు, గుండె యెడమభాగము సరిగా నేర్పడక పుట్టిన ఆడశిశువునకు బబూన్ గుండె నమర్చెను. లోకమామెను బేబీ ఫే యని పిలిచినది. ఆ శిశువు ఇంచుమించు 3 వారములు జీవించి, నవంబరు 15న కన్నుమూసెను. రక్తపువర్గము కలియకపోవుట ఆ యపజయమునకు ఒక కారణమని పిదప చెప్పబడెను. మానవశిశువు గుండెకై తగినంత వెదకిరా, తల్లిదండ్రులకు ఆశ యెంత యో నిరాశ యెంత యో తూచి చెప్పిరా యని చాలకాలము వాదములు జరిగెను. మరుసటి సంవత్సరమే బెయిలీ మానవశిశువు గుండెను వేరొక శిశువునకు అమర్చి కృతార్థుడయ్యెను.

మన దేశమున 1994 మిక్కిలి ముఖ్యమైన సంవత్సరము. మెదడు పూర్తిగా నశించినచో మరణముగానే యెంచి, బంధువుల యనుమతితో అవయవములను గ్రహింపవచ్చునను చట్టము ఆ యేట వెలువడెను. ఆగష్టు 3వ తేదీన ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో పి. వేణుగోపాల్ గారు ఆ హృదయపరివర్తనమును జయప్రదముగా నెరవేర్చిరి. వారు మన రాజమహేంద్రవరమువారు. 2024లో స్వర్గస్థులైరి.

ఆ చట్టమే కొలదికాలమునకు వేరొక విధముగా వార్తల కెక్కెను. 1997 సంవత్సరారంభమున అస్సాము రాష్ట్రమున గౌహతి చెంత సోనాపురమునందు ధనీరామ్ బరువా యను శస్త్రవైద్యుడు, 32 ఏండ్ల రోగికి పందిగుండెను, ఊపిరితిత్తులను అమర్చితినని ప్రకటించెను. రోగి 7 దినములకు మరణించెను. బరువాయు, ఆయనతో కలసి పనిచేసిన హాంగ్‌కాంగు వైద్యుడును నిర్బంధింపబడి 40 దినములు చెరలో నుండిరి. నలుగురి యెదుట పరీక్షకు నిలువని విద్య, ఎంత గొప్పదైనను, పదిమందికి ఉపయోగపడజాలదు. బరువా చేసినది సాహసమో దుస్సాహసమో చెప్పుటకు ఇతరులు పరిశీలింపదగిన వ్రాత మిగులలేదు.

మీరు అడుగవచ్చును: కోతి మనకు దగ్గర చుట్టము గదా, దానిని విడిచి పందిని ఏల పట్టుకొనిరి? చుట్టరికమే చిక్కు తెచ్చెను. కోతులకు వచ్చు రోగములు మనకు సులువుగా అంటును. ఎయిడ్స్ వ్యాధి క్రిమి కూడ చింపాంజీలనుండియే మనుష్యులకు వచ్చినదని తేలినది. పైగా కోతిజాతులు ఈతకు ఒక్క పిల్లనే కని, నెమ్మదిగా పెరుగును. పంది యో, ఈతకు పది పిల్లల వరకు పెట్టును. ఏడాది తిరుగకముందే దాని గుండె మనుష్యుని గుండెయంత యగును.

కాని పందికణములపై ఒక విధమైన చక్కెరపదార్థము కలదు. అది మనుష్యులలో లేదు. మన నెత్తురు దానిని చూచిన క్షణముననే మండిపడును. రాస్ అమర్చిన పందిగుండె నిమిషములలో నల్లబడుటకు ఈ జాతి ద్వేషమే హేతువు. ప్రతి ప్రాణి కణములలోను వంశలక్షణములను నిర్ణయించు జన్యువులనునవి కలవు. ఆ చక్కెరను తయారుచేయు జన్యువును తొలగించిన పందిపిల్లలు 2002లో పుట్టినవి. 2012 తరువాత జన్యువులను కత్తిరించుటకు సులువైన పద్ధతి యేర్పడెను. జర్మనీలోని మ్యూనిక్ నగరమున ఇట్టి పందిగుండెలతో బబూన్లు 195 దినముల వరకు జీవించినవని 2018లో ప్రకటించిరి.

తుదకు 2022 జనవరి 7వ తేదీన అమెరికాలోని బాల్టిమోర్ నగరమున, మేరీలాండ్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో, బార్ట్‌లీ గ్రిఫిత్, మహమ్మద్ మొహియుద్దీన్ అను వైద్యులు 57 ఏండ్ల రోగికి పందిగుండె నమర్చిరి. ఆ పందిలో 10 జన్యువులు మార్చబడినవి. నాలుగింటిని పనిచేయకుండ జేసిరి. ఆరు మానవజన్యువులను చేర్చిరి. నాలుగింటిలో ఒకటి గుండె మితిమీరి పెరుగకుండుటకు. రోగికి మానవహృదయము లభింపదని వైద్యశాలలు నిర్ణయించి యుండెను. ప్రభుత్వశాఖ ప్రత్యేకముగా అనుమతించెను. రోగికి స్పృహ యున్నది. ఇది పందిగుండె యనియు, ఫలితము నిశ్చయము కాదనియు తెలిసి, తానే సమ్మతించెను. 1964 నాటి పత్రమునకును దీనికిని గల దూరమును గమనింపుడు.

ఆ గుండె నిమిషములలో నల్లబడలేదు. వారములు కొట్టుకొనెను. రోగి 2 నెలలు జీవించి మార్చి 8న మరణించెను. పందులలో దాగియుండు ఒక సూక్ష్మక్రిమి ఆ గుండెతో వచ్చినట్లు పిదప కనుగొనిరి. 2023 సెప్టెంబరులో అదే వైద్యశాలలో 58 ఏండ్ల వేరొక రోగి పందిగుండెతో ఇంచుమించు 6 వారములు జీవించెను. పంది మూత్రపిండములు మరికొంత ముందునకు పోయినవి. 2024 నవంబరులో న్యూయార్కునందు ఒక స్త్రీకి అమర్చినది 130 దినములు పనిచేసి, పిదప తీసివేయబడెను.

శ్రోతలారా! గంటన్నరనుండి రెండు నెలలకు రావడమునకు 58 సంవత్సరములు పట్టినది. ఈ లెక్కను చూచి నవ్వువారు నవ్వవచ్చును. కాని ప్రతి రోగియు తనకంటె ముందు పోయినవాని మరణమునుండి తెలిసికొన్న దానిపై నిలిచెను. ఈ ఋణమును తలపకుండ ఈ చరిత్రను ముగించుట తగదు.

జంతువుల ఋణము సంగతి యేమి? ఆ పందులు ఎండ యెరుగక, మట్టి యెరుగక, నిర్మలమైన గదులలో పెరిగి, ఒక దినము బలియగును. వానిని అడిగిన వారు లేరు. అడుగుటకు భాష లేదు. మాంసము కొరకు చంపువారు ఈ మాట ఎత్తరాదని కొందరందురు. చంపని వారు సైతము తమ తండ్రి మరణశయ్యపై నున్నపుడు ఏమందురో చెప్పలేమని నేనందును. దీనికి నాకడ తేలికయైన తీర్పు లేదు. ఎవరి మనస్సాక్షి వారు అడుగుకొనవలసిన ప్రశ్న యిది.

కాని ఒక మాట నిస్సందేహముగా చెప్పగలను. జంతువు గుండెకై వైద్యులు ఇంత తపించుట మానవుని గుండె దొరకకపోవుటచేతనే. అమెరికాలో అవయవములకై ఎదురుచూచువారు లక్షమందికి పైగా కలరు. మన ఉభయ తెలుగు రాష్ట్రములలోను జీవన్‌దాన్ అను ప్రభుత్వపథకము కలదు. మెదడు నశించిన వాని బంధువులు సమ్మతించినచో, ఆ గుండె, కాలేయము, మూత్రపిండములు వరుసక్రమమున వేచియున్న రోగులకు చేరును. ఆ సమ్మతి ఆసుపత్రి వాకిట ఏడ్చుచు ఇచ్చునది. ముందే యింటిలో మాటాడుకొని యున్నవారికి అది కొంత తేలిక. చూచినవారు లేనివేళ, రచ్చబండకడ కూర్చుండి, మీరు మీ కుమారులతో ఈ మాట యెత్తినచో తప్పు లేదు.

మా మామగారు ఆ పందికవాటముతో 9 ఏండ్లు జీవించిరి. సంధ్య మానలేదు. ఊరిలో ఎవరైన నవ్వులాటకు ఆ ప్రస్తావన తెచ్చినచో, "దానికి నేను బాకీ పడితిని, తీర్చు దారి తెలియదు" అని యనెడివారు. పోవుటకు ముందు తమ కన్నులను దానము చేయవలెనని మా చేత కాగితము వ్రాయించిరి. మేము అట్లే చేసితిమి.